సోలార్ ప్యానెల్ మీద మిరియాలు

అమ్మా, నేను కులాసాగానే ఉన్నాను, దిగులుపడకు. నా పాఠాలు పిల్లలకు ఎక్కడం లేదని కిందటి కార్డులో రాశాను కదా. సౌరశక్తి పాఠం కోసం బడి అరుగు మీద చిన్న సోలార్ ప్యానెల్ పెట్టి బల్బు తగిలించాను. సోమవారం మంచి ఎండలోనూ అది వెలగలేదు. చూస్తే, బడి వంటమనిషి సవరమ్మ ప్యానెల్ మీద మిరియాలు ఆరబోసింది.

"ఇంత వెచ్చటి బండ ఇంకేటుంది మేడం? బేగి ఆరతాయి" అంది.

తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని ఆమె కూతురు మెర్లిన్ కసిరింది: "బల్బు తినాల్సిన ఎండ నీ మిరియాలు తినేత్తన్నాయే అమ్మా!"

మిరియాలు తీయగానే బల్బు వెలిగింది.

నా ఊలు శాలువా పంపు. చెల్లి జ్వరం తగ్గిందా? నాన్నకు వందనాలు చెప్పు. నేను రాసిచ్చిన బదిలీ దరఖాస్తు ఆఫీసులో ఇవ్వొద్దని కూడా చెప్పు.

సుజానా,
చింతపల్లి