మా నాయన వాంగ్మూలం నమ్మవద్దని మనవి

పెనుకొండ,
తేది: 19-11-2025, బుధవారం.

అత్తరు సీసా కేసు విచారణాధికారి గారికి,
పెనుకొండలో అత్తరు, సుర్మా అమ్ముకొను ఫక్రుద్దీన్ కుమార్తె షహీన్ సమర్పించుకొను అర్జీ.

విషయం: రేపు ఉదయం పది గంటలకు మా తండ్రి తమ ఎదుట ఇవ్వబోవు వాంగ్మూలం అబద్ధమని ముందుగా తెలియజేయుట, దానిని నమోదు చేయవద్దని కోరుట గురించి.

అయ్యా,

అర్జీ పెట్టుకునే వారు తమ ఇంటివారి మాట నమ్మమని కోరతారు. నేను నమ్మవద్దని కోరుతున్నాను. ఇటువంటి అర్జీకి నమూనా ఎక్కడా దొరకలేదు కనుక పద్ధతిలో తప్పులుంటే మన్నించగలరు. ఎదుట నిలబడి చెప్పడం నాకు చేతకాదు. కాగితం మీద చెప్పగలను.

1. గత శనివారం హిందూపురం నుండి పెనుకొండ వచ్చు బస్సులో తనిఖీ జరిగినప్పుడు మా తండ్రి పెట్టెలో దొరికిన చిన్న సీసాలో ఉన్నది అత్తరు కాదు. ముదురు ఆకుపచ్చ నూనె. అది గంజాయి మొక్క ఆకుల నుండి తీసినదే. ఈ సంగతి నేను దాచడం లేదు. అది మా అమ్మ మందు. బెంగళూరులోని ఆయుర్వేద డాక్టరు చీటీ రాసి ఇచ్చినది, లైసెన్సు గల కంపెనీ తయారు చేసినది, రసీదుతో కొన్నది. చీటీలో దాని పేరు విజయ తైలం అని ఉంటుంది.

2. మా అమ్మ పేరు ఖాతూన్‌బీ. వయస్సు నలభై ఎనిమిది. ఆమెకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉంది. మెదడు చెప్పిన మాట కాళ్లకు చేరే దారిలో పాడైపోతుంది. పెళ్లికి ముందు అమ్మ ధర్మవరంలో పట్టు పోగులు ముడివేసే పనికి పోయేది. దీపం లేకున్నా గోటితో పోగు పట్టేదని మా చిన్నమ్మ చెబుతుంది. ఇప్పుడు రవికె హుక్కులు నేను పెడతాను. దానికి అమ్మ బాధపడదు. ఆమెను బాధపెట్టేది బిగుసుకుపోవడం. రెండు కాళ్లూ ఒకదాని మీద ఒకటి పడి కట్టెల్లా అయిపోతాయి. నాయన ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని విడదీస్తాం. అప్పుడు అమ్మ అరవదు. పక్కింటి వారికి వినపడుతుందని కొంగు నోట్లో పెట్టుకుంటుంది.

నరాల డాక్టరు గారి మాత్రలు వాడాము. బిగువు తగ్గేంత మోతాదు వేస్తే అన్నం నోట్లో ఉండగానే నిద్రలోకి జారిపోయేది. ఆ కాగితాలన్నీ చూసిన తర్వాతే బెంగళూరు డాక్టరు ఈ నూనె చుక్కలు రాశారు. జబ్బు నయం కాలేదు. అవుతుందని ఆయన చెప్పలేదు కూడా. చుక్కలు వేసిన రోజు మోకాళ్లు వంగుతాయి, నిద్ర పడుతుంది. మొన్న రంజాన్ నాడు మంచం మీద ఆనుకుని కూర్చుని, సేమియా ముద్ద చేశానని నన్ను తిట్టింది. నొప్పి ఉన్న రోజుల్లో అమ్మకు తిట్టే ఓపిక ఉండదు. తిట్లు విని నాయన సంతోషంతో రెండు గిన్నెలు తిన్నాడు.

3. నేను లాయరును కాను. ఇంగ్లీషులో ఎం.ఏ. చదివాను. అయినా మాదక ద్రవ్యాల చట్టం తెచ్చుకుని చదివాను. గంజాయి అంటే మొక్క కొసల్లోని పూత, కాయ అనీ, వాటితో కలవని ఆకులు ఆ మాట కిందికి రావనీ అందులో ఉంది. ఈ నూనె నిజంగా ఆకుదేనా, పూతదా అన్నది ప్రయోగశాల తేల్చవలసిన విషయం. నేను తేల్చేది కాదు. మా నాయన తేల్చేది అసలే కాదు.

4. మందు అత్తరు సీసాలోకి ఎందుకు వచ్చిందో చెప్పకపోతే పై మాటలన్నీ వృథా. అసలు సీసా మీద ఆకు బొమ్మ ఉంటుంది. ఆ ఆకును ఇప్పుడు టీషర్టుల మీద కూడా వేస్తున్నారు కనుక ఎవరైనా గుర్తుపడతారు. బెంగళూరు నుండి మందు తెస్తూ హిందూపురంలో మా చిన్నమ్మ దిల్షాద్ ఇంట్లో ఆగినప్పుడు నాయన ఆ సీసాను వేడినీళ్లలో నానబెట్టి లేబులు గీకుతుంటే నేను అడ్డుపడ్డాను.

“అది ఉంటేనే కదా నాయనా మందని తెలిసేది?”

“మందని ఎవురు చదువుతారు పాపా? బొమ్మ చూస్తారు.”

“చీటీ ఉంది కదా, చూపిస్తాం.”

“చీటీ మీద మీయమ్మ పేరుండాది.” ఆ మాటతో ఆయన లెక్కలో చర్చ ముగిసింది.

చిన్నమ్మ నవ్వింది. “పోయి బావా, అత్తరు సీసాలోనే పోయి. అక్క లోపల్నించి గుమగుమలాడిపోతాది.”

5. మా నాయన వ్యాపారంలో ఒక ఆనవాయితీ ఉంది. పెట్టె తెరిచిన చోట ఎవరు చెయ్యి చాపినా మణికట్టు మీద ఒక చుక్క పూస్తాడు. కొనకపోయినా సరే. కండక్టర్లు, టీ కొట్టు వాళ్లు, తనిఖీకి వచ్చే వారు, అందరి చేతుల మీదా మా నాయన అత్తరు ఉంటుంది. కానిస్టేబులు యల్లప్ప గారు కూడా అలవాటుగానే చెయ్యి చాపారు. నేను ఆడవాళ్ల సీట్లో ఉండి అంతా చూశాను.

“ఏమప్పా ఫక్రూ, బాగుండావా? యాడికి పోయొస్తాండావు?”

“హిందూపురమయ్యా.”

“ఈపొద్దు మంచిది పూయి. ఇంటికాడ ఆయమ్మ అలిగుండాది.”

నాయన మల్లె సీసా తీశాడు.

“ఎప్పుడు జూసినా ఇదేనా? ఆడ పచ్చది కొత్తగా ఉండాదే, అది పూయి.”

“అది వద్దయ్యా.”

“ఏం, నాకు పూస్తే అరిగిపోతాదా?”

“వద్దయ్యా. అది పూసుకునేది కాదు.”

మా నాయన ఒక మనిషికి చుక్క లేదనడం నేను పుట్టాక అదే వినడం. యల్లప్ప గారికీ అదే మొదటిసారి అయి ఉంటుంది. ఆయన నవ్వు ఆగిపోయింది. మూత తీసి వాసన చూశారు. ఆయన విధి ఆయన చేశారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు.

“ఇదేందప్పా?”

నేను లేచి “మా అమ్మ మందు” అన్నాను. బస్సు ఇంజను ఆన్‌లో ఉంది. నా గొంతు దానికంటే చిన్నది. నాయనకు మాత్రం వినిపించింది. నా వైపు చూసి తల అడ్డంగా ఊపి, యల్లప్ప గారి వైపు తిరిగి, “నాదే అయ్యా. నేనే తాగుతా,” అన్నాడు.

“నూనె తాగేదేందప్పా?”

“అదే... పూసుకుంటా.”

“పూసుకునేది కాదంటివే ఇప్పుడే?”

వెనక సీట్లో ఎవరో నవ్వారు. మా నాయన నవ్వలేదు. సీసాకు సీలు వేశారు. రేపు హాజరు కావాలని నోటీసు ఇచ్చారు.

6. మా అంగడి పక్కన గాజులు అమ్మే కొండప్ప గారు నిన్న ఇంటికి వచ్చి మంచికే సలహా చెప్పారు. “ఒప్పేసుకో ఫక్రూ. ఉండేది రవ్వంత. నా సొంతానికే అని చెప్పు, జుర్మానా ఏసి పంపిస్తారు. ఆడమనిషి పేరు స్టేషన్ కాగితానికి ఎక్కిందంటే మళ్లా దిగదప్పా.”

ఆయన పోయిన తర్వాత నేను నాయనతో వాదించాను. నీవు నీదని ఒప్పుకుంటే అది మందు కాదని నీవే ఒప్పుకున్నట్టు, ఇక ఆ నూనె మన ఇంటి గడప తొక్కదు అన్నాను.

“నీకు తెలీదు పాపా. రేపు ఏ పెండ్లికి పోయినా మీయమ్మను గంజాయి ఖాతూన్ అంటారు. నన్ననుకోనీలే. నాకు అత్తరు వాసన ఉండాది, దాంట్లో కలిసిపోతాది.”

ఇదీ అయ్యా, రేపు తమ ఎదుట జరగబోయేది. మా నాయన చేతులు కట్టుకుని నిలబడి “నాదే” అంటాడు. తమరు రాసుకుంటే కేసు సులువుగా ముగుస్తుంది. కాని ఆ ఒక్క మాటతో మా అమ్మ మందు గంజాయి అవుతుంది. మా నాయన గంజాయి మనిషి అవుతాడు. మళ్లీ ఆ సీసా కొనడానికి మా ఇంట్లో ఎవరికీ ధైర్యం ఉండదు.

7. దీనిని ఏ అంకె కింద వేయాలో తెలియలేదు. ఇంట్లో మిగిలిన పాత సీసా సోమవారంతో ఖాళీ అయింది. ఈ మధ్యాహ్నం నాయన అంగట్లో ఉండగా అమ్మ కాళ్లు బిగుసుకున్నాయి. ఒక్కదాన్నే మధ్యలో భుజం పెట్టి విడదీయాలని చూశాను. “వదిలెయ్ పాపా, అవే వదుల్తాయి,” అంది. అవి వదలలేదు. నాకు గట్టిగా ఏడుపు వచ్చింది. ఈసారి కొంగు నేను నోట్లో పెట్టుకున్నాను.

కావున తమరిని కోరునది ఏమనగా:

మా నాయన “నాదే” అన్న వెంటనే రాయకుండా ఆయనను ఈ ప్రశ్నలు అడగండి. ఎన్ని చుక్కలు వేసుకుంటావు? తిండికి ముందా, తర్వాతా? పాలలోనా, నాలుక కిందా? రుచి ఎట్లా ఉంటుంది? ఆయనకు ఒక్కటీ తెలియదు. చుక్కలు వేసేది నేను. చదువు చెప్పించినందుకు నేను మా నాయనకు చేస్తున్న ద్రోహం ఇది. అయినా అడగండి.

శాంపిలుతో పాటు చీటీ, రసీదు నకళ్లు కూడా ప్రయోగశాలకు పంపించండి. ఫలితం వచ్చేలోగా డాక్టరు చీటీ మీద, లేబులు ఉన్న సీసా మరొకటి తెచ్చుకుంటే అది కొత్త నేరం కాదని నోటితో అయినా చెప్పండి. ఈసారి లేబులు ఎవరూ గీకకుండా చూసుకునే పూచీ నాది.

జతపరచినవి: చీటీ నకలు, రసీదు నకలు, నరాల డాక్టరు గారి కాగితాలు, అసలు ఖాళీ సీసా. సీసా అడుగున బ్యాచ్ నంబరు ఉంది. దాని కోసం నేను మళ్లీ హిందూపురం వెళ్లేసరికి మా చిన్నమ్మ అందులో కొబ్బరినూనె పోసి పెట్టుకుంది. ఒంపించి తెచ్చాను. కొబ్బరి వాసన వస్తే దాని మీద ఇంకో విచారణ వేయవద్దని మనవి.

ఇందులో నేను రాసినదంతా చిత్తగించవలెను. మా నాయన చెప్పబోయేది మాత్రం చిత్తగించవద్దు.

తమ విధేయురాలు,
షహీన్.

మళ్లీ రాస్తున్నది:

మడత పెడుతుంటే అమ్మ అడిగింది, ఏం రాస్తాండావని. చదివి వినిపించాను. కొంగు సంగతి వచ్చినప్పుడు, “ఇది గూడా రాసినావా?” అంది. కొట్టేస్తానన్నాను. “వద్దులే, ఉండనీ,” అంది.

తర్వాత అంది: “రేపు ఆటో పిలువు. నేను వస్తా.”

“ఈ కాళ్లతో ఎట్లా అమ్మా?”

“కాళ్లు నావి, మందు నాది, పేరు నాది. మధ్యలో మీ ఇద్దరి లాయరుతనమేంది?”

నాయన అప్పుడే వచ్చి గడపలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. చెప్పులు వేసుకుని మళ్లీ బయటికి పోయాడు. ఆటో మాట్లాడటానికి పోయాడో, కొండప్ప గారి దగ్గరికి పోయాడో నాకు తెలియదు. ఆటో నేనే మాట్లాడతాను.

కనుక అయ్యా, రేపు నాయన నోరు తెరిచేలోగా ఒకసారి బయటికి చూడండి. ఆటోలో అమ్మ ఉంటుంది. ఆమె తమ ఆఫీసు మెట్లు ఎక్కలేదు. తమరే దిగి రావాలి.