ఖలాస్ అన్న మాట

గురువారం రాత్రి, ఈసా టౌన్, బహ్రెయిన్

ఇవాళ ఆ మాట అనకుండా ఉండాల్సింది. నేను బట్టలుతికే ఫుట్‌బాల్ క్లబ్బుకు గోల్స్ కొట్టే యూసుఫ్ భాయ్, సాయంత్రం అందరూ వెళ్లిపోయాక కూడా మైదానంలోనే కూర్చుని ఉన్నాడు. ఉతకాల్సిన జెర్సీ తీసుకుందామని వెళ్లి, రోజూ అడిగినట్టే "ఖలాస్, భాయ్?" అన్నాను. ప్రాక్టీసు అయిపోయిందా అని నా ఉద్దేశం.

ఆయన ముఖం పాలిపోయింది. "నీకు కూడా చెప్పేశారా? హా భాయ్, ఖలాస్," అన్నాడు. మోకాలు ఇక బాగుపడదట. క్లబ్బువాళ్లు పొద్దున్నే వద్దనేశారట. నాకేం తెలుసు?

ఆయన తండ్రిది బహ్రెయిన్, తల్లిది మొరాకో. రెండు పాస్‌పోర్టులున్నాయని మేమంతా కుళ్లుకునేవాళ్లం. ఆ రెండు దేశాల జట్లేమో, అవతలివాళ్లు పిలుస్తారులే అన్నట్టు ఇన్నేళ్లూ ఊరుకున్నాయి.

రూముకొచ్చి, నాతో ఉండే మల్లేశన్నకు చెబితే, "ఆయనకేందిరా, రెండు దేశాలున్నయి. ఏడికన్నా పోతడు," అన్నాడు.

ఆ మోకాలితో ఏ దేశానికి పోతాడు?

ఆయన తొమ్మిదో నంబరు జెర్సీని ఎప్పటిలాగే ఉతికి ఆరేశాను. తెల్లారేసరికి ఆరిపోతుంది. ఇస్త్రీ చేసి ఎవరికివ్వాలో...