ఎఫ్ కాలమ్

ఆగస్టు 18

గోదారి నలభై ఎనిమిది అడుగులు దాటింది. రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. మా కిరాయి ఇంట్లోకీ నీళ్లొచ్చాయి. నేనూ భద్రాచలం క్యాంపులోనే ఉంటున్నాను, డ్యూటీ కూడా ఇక్కడే. గేటు దగ్గర లాప్‌టాప్. పేరు, ఆధార్, ఊరు కొట్టాలి. ఎఫ్ కాలమ్‌లో లోకల్ లేదా నాన్ లోకల్.

ఔట్‌సోర్సింగ్‌లో ఆరుగురం ఉన్నాం. వచ్చే నెల నుంచి ముగ్గుర్నే ఉంచుతారట. ప్రభువా, నా వేళ్లు తప్పు కొట్టకుండా చూడు.

ఆగస్టు 19, ఉదయం 6

నాన్ లోకల్ అంటే ఎవరు సార్ అని క్యాంపు ఇన్‌చార్జిని అడిగాను. ఆధార్ల మన రాష్ట్రం లేనోళ్లు, అంతే కద స్తుతీ, గిది గూడ చెప్పాల్నా అన్నాడు.

అమ్మానాన్నలుండే మా ఊరు ఇక్కడికి ఆటోలో పావుగంట. 2014లో అవతలి రాష్ట్రంలో కలిపారు. ఇల్లూ పొయ్యీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పెళ్లయ్యాక నా ఆధార్ ఒక్కటే ఇటు మారింది. అందుకని నేను లోకల్. నాన్న కాదు.

ఉదయం 11

వచ్చేశారు. ట్రాక్టర్ మీద, తడిసి ముద్దయి. అమ్మ విశ్రాంతమ్మ చేతిలో బైబిలూ బియ్యం డబ్బా. నాన్న లైన్లో నిలబడి అందరికీ చెబుతున్నాడు, గా కంప్యూటర్ కాడ ఉన్నది నా బిడ్డనే, ఇగ మనకు ఫికర్ లేదు అని. ఆ మాట నమ్మి మా ఊరివాళ్లు పదిహేడు మంది ఆయన వెనకే నిలబడ్డారు.

సార్ నా కుర్చీ వెనకే ఉన్నాడు. పొద్దున ఎవరికో కొట్టి ఉన్నానేమో, ఎఫ్ కాలమ్‌లో ఎన్ నొక్కగానే నాన్ లోకల్ అని మిగతాది అదే వచ్చేసింది.

మమ్ముల ఏమని రాసినవ్ బిడ్డా అని నాన్న అడిగాడు. చుట్టాలని రాశాను అన్నాను. సిగ్గులేని నోరు! ఆయన మురిసిపోయాడు. అవ్ మరి, బిడ్డ కాడికొస్తే చుట్టాలమే గద అంది అమ్మ.

సాయంత్రం 5

సార్ నా షీటు ఫిల్టర్ చేశాడు. నాన్ లోకల్ ఇరవై మంది. బస్సెక్కించి అవతలి రాష్ట్రం క్యాంపుకు పంపమన్నాడు. అరవై కిలోమీటర్లు. ఇక్కడి బియ్యం మనోళ్లకే చాలవట.

మా నాన్నకు షుగర్ సార్, మందులన్నీ ఇక్కడి దవాఖానాలోనే అన్నాను. ఆయనకు మారిస్తే తక్కిన పందొమ్మిది మందికీ మార్చాలె, షీటు నీ పేరు మీదుంది, నీ ఇష్టం అన్నాడు. నా ఇష్టమట!

మైకు తీసుకున్నాను.

రెండో పేరు నాన్నది. లేచాడు. చుట్టాలమంటివి గద సంసోనూ అని ఎవరో అడిగారు. ఆయన సంచి సర్దుకుంటూ ఉండిపోయాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది, తిట్టినా బాగుండేది.

ఆగస్టు 20

ఫోన్ ఎత్తడం లేదు.

ఆగస్టు 21

ఎత్తడం లేదు. లిస్టు వచ్చింది. ముగ్గురిలో నేనున్నాను. ఛీ.

ఆగస్టు 23

నాన్న ఎత్తాడు. ప్రభువు దయ, అందరం మంచిగనే ఉన్నం మేడం, మీరు అన్నం తిన్నరా అని అడిగాడు.