కొత్తగూడెంలో కోపం కచేరీ

పెనుబల్లి,
2-3-1995

చి. హైమకు మేనమామ వెంకటప్పయ్య ఆశీస్సులు.

ఇక్కడంతా క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మా పక్కింటి చెంచురామయ్య నిన్న కొత్తగూడెం నుంచి వచ్చి, బస్సు దిగీ దిగకముందే, "మీ మేనకోడలు బ్యాండులో చేరిందంటగా!" అని నలుగురిలో అడిగాడు. డిప్లొమా చదివి టీవీలు బాగుచేసే షాపు పెట్టుకున్న పిల్లవి, పెళ్ళి ఊరేగింపులో గుర్రం ముందు బాకా ఊదుతావా? వెంటనే మానెయ్.

ఇట్లు,
మండిపోతున్న మీ మామయ్య

తా.క. మానకపోతే, కనీసం మన చుట్టాల పెళ్ళిళ్ళకు ఒప్పుకోకు.

* * *

కొత్తగూడెం,
8-3-1995

మామయ్య గారికి హైమ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివిన కోపంలో చేతిలో స్క్రూడ్రైవరు విసిరికొట్టాను. మాది పెళ్ళి బ్యాండు కాదు, పంక్ బ్యాండు. కోపాన్ని దాచుకోకుండా అరిచి పాడే రాక్ సంగీతం. గనిలో పనిచేసే ఎల్లస్వామి గిటారు వాయిస్తాడు. నేను పాడతాను. జనం చేత డాన్సు చేయించే ఎలక్ట్రానిక్ దరువుల పెట్టె కూడా నేనే తయారుచేశాను. షాపుకొచ్చిన ప్రతివాడూ నా మొహం చూసి "మెకానిక్ లేడా?" అంటాడు. "నేనే మెకానిక్‌ని!" అన్నదే మా మొదటి పాట. మేం ఎవరి కిందా ఉండం, ఇండిపెండెంట్. పందొమ్మిదో తేదీ ఆదివారం సాయంత్రం ఇక్కడి మైదానంలో మా ప్రోగ్రాం.

ఉంటాను,
హైమ

తా.క. చెంచురామయ్య గారి టీవీ నా దగ్గరే ఉంది. ఆయనా "మెకానిక్ ఏడీ?" అన్నారు. అది ఇప్పట్లో బాగవదు.

* * *

పెనుబల్లి,
13-3-1995

హైమా,

ఇండిపెండెంటుగా నిలబడ్డావా! ఎన్నికల వేళ, నాతో మాట మాత్రం అనకుండా! నేను ఇన్నేళ్ళు మోసిన జెండా ఏమైపోవాలి? పార్టీవాళ్ళు మా అరుగు మీద కూర్చుని "మీ ఇంట్లోనే రెబెలా?" అంటుంటే తల ఎక్కడ పెట్టుకోను? ఆ ఎల్లస్వామి నీ ఏజెంటా? ఆదివారం మీ సభకు వస్తున్నా. చెయ్యి పట్టుకుని స్టేజీ దించేస్తా.

ఇట్లు,
పరువు పోయిన వెంకటప్పయ్య

తా.క. నీ గుర్తు 'పంక్' అని తప్పు రాశావు. పంకా అని రాయించు. ఎండాకాలం కదా, నాలుగు ఓట్లు పడతాయి.

* * *

కొత్తగూడెం,
21-3-1995

మామయ్య గారికి,

ఈసారి నమస్కారం లేదు.

అన్నట్టే వచ్చారు. అంతమంది ముందు స్టేజీ ఎక్కి నా చేతిలో మైకు లాక్కున్నారు. "దిగు!" అన్నారో లేదో కరెంటు పోయింది. అప్పుడైనా ఊరుకోవాలి కదా! "పెనుబల్లిలో నా మోటారు ఆపింది చాలక ఇక్కడికీ దాపురించావా? నా మిరపతోట ఎండబెట్టావు కదే!" అని కరెంటును తిట్టడం మొదలుపెట్టారు. ఇంతలో అది తిరిగొచ్చింది. నా పెట్టె దానంతటదే మోగింది. మీ తిట్లు సరిగ్గా దరువులో పడ్డాయి. ఎల్లస్వామి గిటారు అందుకున్నాడు. జనం ఎగిరి గంతులేశారు. "మల్లోసారి తిట్టు పెద్దయ్యా!" అని ఒకటే కేకలు.

నేను పక్కన నిలబడి చూశాను. నా కోపం చెప్పుకోవడానికి నాకున్నది ఆ స్టేజీ ఒక్కటే. అదీ మీరే తీసుకున్నారు. ఇంకెప్పుడూ రాకండి.

హైమ

తా.క. "పెద్దయ్య ఏ శ్రుతిల తిడతడో అడుగు" అంటున్నాడు ఎల్లస్వామి. నేను అడగడం లేదు.

* * *

పెనుబల్లి,
26-3-1995

చి. హైమకు,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. నువ్వు ఎన్నికల్లో నిలబడలేదని తెలుసుకోకుండా మైకు లాక్కోవడం తప్పే. అయితే విను. కరెంటు కోసం అర్జీలు పెట్టి పెట్టి మా రైతులందరి ఓపికా అయిపోయింది. మీ స్టేజీ మీద అరిచాకే నాకు కడుపులో మంట తగ్గి కంటినిండా నిద్ర పట్టింది. వచ్చే ఆదివారం ఇక్కడ కరెంటాఫీసు ముందు ధర్నా. మీ బ్యాండు రావాలి. జనరేటరు నేను తెస్తా. మొదట నీ పాట. నువ్వు పిలిచాకే నేను మైకు దగ్గరికొస్తా. పిలవడం మాత్రం మర్చిపోకు.

ఇట్లు,
గొంతు సవరించుకుంటున్న మీ మామయ్య

తా.క. మీ అత్తయ్య రాఘవమ్మ కూడా పాడతానంటోంది. ఆవిడ కోపం కరెంటాఫీసు మీద కాదు. చచ్చినా మైకివ్వకు.