కుట్టుమిషన్ చప్పుడు ఎవరి సొత్తు?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫోన్‌లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను. చొక్కా కాలరు కత్తిరించడం మీద నేను పెట్టిన పాఠాన్ని మీ వీడియోల కంపెనీ తీసేసింది. ఎవరిదో సౌండు వాడుకున్నానట. నేను పాట పెట్టలేదు, పద్యం పాడలేదు. వెనక మన ముసలి కుట్టుమిషన్ ఆగి ఆగి ఆడే చప్పుడు తప్ప అందులో ఇంకేం లేదు. ముప్ఫై ఏళ్లుగా ఆడుతున్న మిషన్‌కి ఇవాళ ఓనరు పుట్టుకొచ్చాడా? ఫిర్యాదులు చూసే ఆఫీసులోనే కూర్చుంటావు కదా, కనుక్కో.

నీ మామయ్య

తా.క.: ఎదురు షాపు టైలరు మీద నాకు అనుమానం. ఈమధ్య మన గుమ్మం దగ్గరే తచ్చాడుతున్నాడు.

---

మామయ్యకు నమస్కారాలు.

చట్టప్రకారం మిషన్ చప్పుడు ఎవరి సొత్తూ కాదు. రికార్డు చేసినవాడికి తన రికార్డు మీదే హక్కు. కానీ ఇక్కడ ముందు వినేది మనిషి కాదు, కంప్యూటర్. రెండు చప్పుళ్లు ఒకేలా వినిపిస్తే చాలు, తీసేస్తుంది. చట్టం దాని వెనకాల ఆయాసపడుతూ నడిచొస్తోంది. అభ్యంతరం ఫారం నింపి పంపండి. అందాకా కొత్తవి పెట్టకండి. మూడు నోటీసులొస్తే మీ రెండొందల పాఠాలూ పోతాయి.

మీ మేనల్లుడు

తా.క.: 'అసలు సృష్టికర్త' అన్నచోట మీ పేరే రాయండి. మిషన్ కంపెనీ పేరు రాయకండి.

---

ఒరేయ్ అల్లుడూ, దీవెనలు.

నీ ఉత్తరం అందేసరికే, నోటీసుతో వచ్చిన ఆ ఫారంలో మిషన్ కంపెనీ పేరు రాసి పంపేశాను. మిషన్‌కి నూనె వేసి, కింద బొంత పరిచి ఇంకో పాఠం కూడా పెట్టాను. రెండో నోటీసొచ్చింది. చప్పుడు బయటికి పోకుండా కిటికీలన్నీ మూసేస్తే, షాపు ఎత్తేశాననుకుని ఖాతాదార్లు వెళ్లిపోతున్నారు. ఎదురు షాపాయన్ని నిలదీశాను. కుడి చెవి వినపడక ఏడాదైందని డాక్టరు చీటీ చూపించాడు.

నాకు దిగులుగా ఉందిరా. మంచాన పడ్డ ఒకావిడ నా పాఠాలు చూసి పని నేర్చుకుంటున్నానని రాసింది. అవి పోతే ఆవిడకి ఏం చెప్పను?

నీ మామయ్య

తా.క.: మూడో పాఠం సిద్ధంగా ఉంది. మీ అత్త పెట్టనివ్వడం లేదు.

---

మామయ్యా, తిట్టకుండా చదవండి.

కంచే చేను మేసింది. దొంగను నేనే. కిందటి సెలవుల్లో మధ్యాహ్నం మీ లోపలి గదిలో పడుకుని ఆ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. ఇక్కడ అది వింటే గాని నాకు నిద్ర పట్టదు. 'హాయిగా నిద్రపట్టే చప్పుడు' అని మా సైట్‌లో పెట్టాను. నకళ్లు కనిపిస్తే తీసేయాలా అని సైటు అడిగితే చదవకుండా సరే నొక్కాను. చదవకుండా నొక్కొద్దని రోజూ జనానికి చెప్పే ఉద్యోగం నాది.

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. పాఠాలన్నీ భద్రం. చప్పుడు మీది, నా రికార్డు తీసేయమన్నా తీసేస్తాను.

సిగ్గుతో, మీ మేనల్లుడు

తా.క.: మధ్యలో ఆగి మళ్లీ కదులుతుంది చూడండి, వినేవాళ్లందరికీ అదే నచ్చిందట. దయచేసి మిషన్ బాగు చేయించకండి.

---

చిరంజీవికి,

ఎదురు షాపాయనకి క్షమాపణ చెప్పాను. మొదటిసారి కుడివైపు నిలబడి చెప్పడంతో మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

నీ రికార్డు మీ అత్తకి వినిపించాను. "ఇది నేను తొక్కిందే" అంది. నిజమే. కత్తిరిస్తూ కబుర్లు చెప్పేది నేను, మిషన్ తొక్కేది ఎప్పుడూ తనే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను. రెండొందల పాఠాల్లో ఒక్కదాని కిందా ఆమె పేరు లేదు. ఇకనుంచి ఉంటుంది.

మిషన్‌లో లోపమేమీ లేదట. నువ్వు నిద్రపోయావో లేదోనని గుమ్మంలోంచి తల తిప్పి చూసినప్పుడల్లా తన కాలు ఆగిందట. రికార్డు ఉంచుకోమంది.

నీ మామయ్య

తా.క.: మరి నా పాఠాల్లో ఎందుకు ఆగుతుందని అడిగాను. నేను తప్పు చెప్పినప్పుడల్లా తల తిప్పి చూస్తుందట. కాలరు పాఠం మళ్లీ విన్నాను. పదకొండుసార్లు ఆగింది.