పదిహేడో నంబరు మంచం

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

నేనూ నా మోకాళ్ళూ ఎలాగో బతికున్నాం. మగవాళ్ళను ఇష్టపడే మగవాళ్ళు ఆ సంగతి దాచుకోకుండానే సైన్యంలో పనిచేయొచ్చని చట్టసభలో బిల్లు పెట్టారు. రోజంతా రేడియోలో అదే గొడవ. ముప్పై ఏళ్ళు డ్రిల్లు చేయించినవాణ్ణి, చూస్తూ ఊరుకుంటానా? వద్దని అర్జీ రాసి బస్సు డిపో గేటు దగ్గర కూర్చున్నాను. గేటు కాపలా నాదే కాబట్టి సంతకం పెట్టనిదే బస్సు కదలదు. మా రోజుల్లో ఇలాంటివేవీ లేవు. నేనూ మా వంటవాడూ రెండు చలికాలాలు ఒకే దుప్పట్లో పడుకున్నాం. నువ్వూ మీ బారకులో సంతకాలు పెట్టించు.

మీ నాన్న

తా.క. ఒక కండక్టరు రెండుసార్లు పెట్టాడు. ఉండనిచ్చాను.

---

నాన్నగారికి నమస్కారాలు.

సంతకాలు పెట్టించలేను, మన్నించండి. ఎందుకో రాయడం కుదరదు. ఇక్కణ్ణుంచి పోయే ప్రతి ఉత్తరం ఆఫీసులో విప్పి చదువుతారు. నా పక్క మంచం ఆయన నాకంటే రెండేళ్ళు సీనియరు. ఈ చర్చ మొదలైనప్పటి నుంచి ఆయనకూ నాకూ నిద్ర లేదు. సెలవుకు వచ్చినప్పుడు చెబుతాను. ఈలోగా మీరే అర్థం చేసుకోండి.

మీ అబ్బాయి

తా.క. మంచాలకు నంబర్లు వేశారు. మా ఇద్దరివీ పదిహేడు, పద్దెనిమిది.

---

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

అర్థమైంది నాయనా. పక్క మంచంలో అలాంటివాడుంటే నిద్రెలా పడుతుంది? నువ్వు నోరు విప్పలేవు కాబట్టి నేనే మీ కల్నలుకు రాశాను. నీ మీదికి రాకూడదని పేరు పెట్టలేదు, ఆకాశరామన్న ఉత్తరమే. సీనియరుకు ముందు నంబరివ్వడం సైన్యంలో ఆనవాయితీ. అంచేత పదిహేడో నంబరు మంచం మీదివాణ్ణి తీసేయమన్నాను. ఇక హాయిగా పడుకో.

మీ నాన్న

తా.క. పనిలో పనిగా మీ బారకుకు కొత్త పరుపులు కూడా అడిగాను.

---

నాన్నగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందేసరికి అంతా అయిపోయింది. మంగళవారం పొద్దున పరేడుకు ముందు కల్నలు వచ్చారు. పదకొండేళ్ళ సర్వీసును ఆరు నిమిషాల్లో ముగించారు. నా పక్క మంచం ఖాళీ. నేను బాగానే ఉన్నానని రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నా స్నేహితుడొకరు మన ఊరు వస్తున్నారు. వర్క్‌షాపులో మెకానిక్కు, సర్వీసు నుంచి బయటికొచ్చారు. సొంతవాళ్ళు తలుపు తీయలేదట. ముందుగదిలో ఉండనివ్వండి. ఏమీ అడక్కండి.

మీ అబ్బాయి

తా.క. పరుపులు వచ్చాయి.

---

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

పీడ వదిలిందన్నమాట, సంతోషం. మీ మెకానిక్కు వచ్చాడు. మనిషంటే అలా ఉండాలి. అతను దుప్పటి మడిచే తీరు చూసి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. డిపోలో ఏడాదిగా మూలనపడ్డ బస్సును ఒక్క పూటలో కదిలించాడు. అర్జీ మీద సంతకం పెట్టమంటే మాత్రం చేయి నొప్పిగా ఉందన్నాడు. టైమ్‌కీపరు కూతురి సంబంధం అతనికి చూస్తున్నాను, నువ్వూ ఒకమాట చెప్పు. కల్నలుకు రాసిన ఉత్తరం నకలు చూపించాను. రెండుసార్లు చదివి, మంచినీళ్ళు అడిగాడు.

మీ నాన్న

తా.క. అందులో మంచం నంబరు తప్పు పడిందట, పద్దెనిమిది అని ఉండాలట. పోనీలే, పోవాల్సినవాడే పోయాడుగా.

---

నాన్నగారికి నమస్కారాలు.

పదిహేడు ఎవరిదో, పద్దెనిమిది ఎవరిదో ఆయన్నే అడగండి. సంబంధం మాట మాత్రం ఎత్తకండి.

మీ అబ్బాయి

---

చిరంజీవి అబ్బాయికి,

అడిగాను. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, నిటారుగా నిలబడి చెప్పాడు.

"పదిహేడు మీ అబ్బాయిదండీ. కల్నలు ఆ ఉత్తరం పట్టుకుని అతని మంచం దగ్గరికే వచ్చారు. అతను నోరు తెరవబోతుంటే నేను అడ్డం వచ్చాను. రాసినవాళ్ళు నంబరు పొరబడ్డారు, ఆ మనిషిని నేనే అన్నాను."

"మరి మావాడు?"

"అతనూ నేనూ ఒకటేనండీ. ఇద్దరమూ పోవడం దేనికని."

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎవర్నీ పట్టించనివాణ్ణి, ఇప్పుడు పట్టించింది ఒక్కణ్ణే, అది నిన్ను.

"నా ఉత్తరం చదివాక కూడా ఇక్కడెందుకున్నావు?" అన్నాను.

"ఇంకో చోటు లేదండీ."

బిల్లు తొమ్మిది ఓట్ల తేడాతో వీగిపోయింది, వినే ఉంటావు. ఇతనికి పనిమ్మని డిపో మేనేజరు దగ్గరికి వెళ్ళాను. సైన్యం ఇచ్చిన కాగితంలో కారణం చదివి, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కిచ్చాడు. నా అర్జీ మీద మొదటి సంతకం ఆయనదే. పెట్టించింది నేనే.

నీ విషయం నాకు మింగుడు పడలేదు, అబద్ధం రాయను. నువ్వు కల్నలు ముందుకెళ్ళి నిజం చెప్పేస్తావేమోనని ఇతను హడలిపోతున్నాడు. చెప్పొద్దని రాయమన్నాడు, రాశాను. ఆపైన నీ ఇష్టం. ఉద్యోగం వదిలి వచ్చినా మన ఇల్లుంది.

మీ నాన్న

తా.క. మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు. కలిసే తింటున్నాం. నిన్న అడక్కుండానే నాకు ఇంకో గరిటె వడ్డించాడు. వద్దనలేకపోయాను.