దుబాయ్ డబ్బాకు దిక్కెవరు

కాకా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్న, కాబట్టి తప్పులు దిద్దే బాధ నీకు లేదు. ఇయ్యాల నీ సంవత్సరీకం. ఇస్తారాకుల మటన్, పక్కన కల్లు పెట్టినం. పాట ఒక్కటే తక్కువైంది. ఇక్కడి డీలర్ల రేట్లు దోపిడి అని, నువ్వు దుబాయ్‌ల కొని, కంబళ్ల చుట్టి, పసిపిల్ల లెక్క ఒళ్లో పెట్టుకొని తెచ్చిన ఆంప్లిఫైయర్ మొన్న మూగబోయింది.

దాన్ని మోసుకొని కరీంనగర్‌ల అదే కంపెనీ డీలర్ దగ్గరికి పోయిన. చెప్పులు బయటనే ఇడువాలన్నరు. లోపల దేవుడున్నడనుకున్న, సేటు ఉన్నడు.

"ఏడ కొన్నరు?"

"దుబాయ్‌ల."

"అయితే దుబాయ్‌కే తీస్కపోరి. మా దగ్గర కొన్నదే మేం ముడుతం."

"కంపెనీ ఒక్కటే గదన్నా?"

"కంపెనీ ఒక్కటే, పాపం మీది."

లేచి వస్తుంటే వెనకనుంచి తియ్యగ పిలిచిండు. "తమ్మీ, మా దగ్గర కొత్తది తీస్కో, గిది ఎక్స్ఛేంజ్‌ల ఇచ్చి పో. మంచి మాల్, మేం బాగుజేసుకుంటం."

ముట్టనన్నోడే రెండు చేతులు చాపిండు కాకా! డిగ్రీ చదివినోన్ని గనుక వాని మెట్ల మీద ఉమ్మలే, రోడ్డు దాకా ఓర్చుకొని ఉమ్మిన.

డబ్బాను మళ్ల ఇంటికి తెచ్చి నీ ఫోటో ముందట పెట్టి, "చెయ్యనన్నడు చిన్నమ్మా" అన్న.

చిన్నమ్మ కొంగుతోటి దాని దుమ్ము తుడిచింది. ఇస్తారి ముందట కూసొని, నీకిష్టమైన పాట తనే అందుకున్నది. శ్రుతి లేదు, నడుమ చరణం మర్చి మళ్ల మొదటికొచ్చింది. ఆపుమని ఎవ్వలం అనలే.